బర్క్‌లీలో సీటు రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో చేరి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ళు ఉంటే చెప్పండి

మిషన్ పీక్ | 1 ఏప్రిల్ 2023

అందరికీ నమస్కారం. మేముండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. మా అమ్మాయి పన్నెండో తరగతి. మొన్న బర్క్‌లీ రిజల్ట్ వచ్చింది. సీటు రాలేదు.

మెట్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. నేను వంటింట్లో చారుకి పోపు వేస్తున్నాను. అటునుంచి ఏ చప్పుడూ లేదు. ఐదు నిమిషాలయ్యాక వచ్చి, "అమ్మా, రాలేదు. కొంచెం చారు గ్లాసులో పోసివ్వు" అంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. రాత్రి పన్నెండింటికి వెళ్ళి చూస్తే పడుకుని ఉంది, గ్లాసు నిండా చారు అలాగే ఉంది.

తనకి కావాల్సింది సివిల్ ఇంజినీరింగ్. శాన్ ఫ్రాన్సిస్కో బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగం 2013 సెప్టెంబర్‌లో తెరిచినప్పుడు తనకి ఎనిమిదేళ్ళు. ఆ వారమే మేం దాని మీదుగా వెళ్ళాం. కిటికీకి ముఖం ఆనించి ఆ తెల్లటి టవర్ కనుమరుగయ్యేదాకా చూసింది. అప్పటి నుంచీ అదే ధ్యాస.

చేతిలో ఉన్నవి: శాన్ హోసే స్టేట్‌లో సివిల్, యూసీ రివర్‌సైడ్‌లో (యూసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, బర్క్‌లీ కూడా అందులోదే) ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్. మా ఆయన శాన్ హోసే స్టేట్‌లో చేర్పిద్దాం అంటున్నారు. అమ్మాయేమో డి ఆంజా అనే ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్ళు చదివి, మూడో ఏట బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ అవుతానంటోంది. నాకేమో కమ్యూనిటీ కాలేజీ అంటే భయంగా ఉంది. చుట్టుపక్కల మన పిల్లలంతా పెద్ద పెద్ద యూనివర్సిటీల పేర్లు చెబుతుంటే మనం ఏం చెప్పాలి అని కూడా ఉంది, దాచుకోను. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గోదారి గట్టు | 1 ఏప్రిల్ 2023

అమ్మా, మా అమ్మాయి ఫుట్‌హిల్ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి 2021లో యూసీఎల్ఏకి (లాస్ ఏంజెలెస్‌లోని యూసీ) వెళ్ళింది, ఎకనామిక్స్. పన్నెండో తరగతిలో కాదన్నది కూడా యూసీఎల్ఏనే. కాబట్టి దారి ఉంది.

ముందు ఒక మాట. ఈ వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి. పాపని పడుకోనివ్వండి, తిననివ్వండి. మేం చేసిన తప్పు అదే. రిజల్ట్ వచ్చిన రాత్రే నేనూ మా ఆవిడా టేబుల్ దగ్గర కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. మా అమ్మాయి, "మీరిద్దరూ నా గురించి నేను లేనట్టు మాట్లాడుకుంటున్నారు" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

నలుగురికీ ఏం చెప్పాలంటారా, "డి ఆంజాలో చేరింది" అని చెప్పండి. మేం మొదటి ఆర్నెల్లు తప్పించుకు తిరిగాం. అది చూసి పిల్ల తనేదో తప్పు చేసినట్టు ముడుచుకుపోయింది.

లెక్కల టీచర్ | 2 ఏప్రిల్ 2023

నేను బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఏటా నా క్లాసులోంచి పిల్లలు యూసీలకి వెళ్తుంటారు, ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. రెండు రకాల పిల్లలనీ చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫ్రెష్‌మన్ అడ్మిషన్ (హైస్కూల్ అవ్వగానే మొదటి ఏడాదిలో చేరడం) వేరు, ట్రాన్స్‌ఫర్ వేరు. మొదటిదాంట్లో హైస్కూల్ నాలుగేళ్ళలో చేసినవన్నీ చూస్తారు. రెండోదాంట్లో యూసీ వాళ్ళు హైస్కూల్ మార్కుల జోలికే పోరు. కాలేజీలో ఏ క్లాసులు తీసుకున్నావు, వాటిలో ఏం తెచ్చుకున్నావు, ఆ మేజర్‌కి, అంటే ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టుకి, కావాల్సిన పునాది పడిందా, ఇవే చూస్తారు. అంటే మీ పాప లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇప్పుడు కాదన్నారన్న సంగతి ఆ అప్లికేషన్‌లో ఎక్కడా ఉండదు.

పైగా కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి యూసీల్లో మొదటి ప్రాధాన్యం. ఇద్దరు ఫ్రెష్‌మన్‌లకి ఒక ట్రాన్స్‌ఫర్ చొప్పున తీసుకోవాలన్నది యూసీ పెట్టుకున్న లక్ష్యం. బర్క్‌లీ ఫ్రెష్‌మన్‌లో నూరుమంది అడిగితే పన్నెండు మందికి కూడా ఇవ్వడం లేదు, ట్రాన్స్‌ఫర్‌లో పాతిక మంది దాకా ఇస్తున్నారు. ఇంజినీరింగ్‌లో పోటీ ఎక్కువ కాబట్టి ఆ పాతికని మీ లెక్కలో వేసుకోకండి.

రివర్‌సైడ్‌లో చేరి అక్కడి నుంచి బర్క్‌లీకి మారొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మారొచ్చు. కానీ ఒక యూసీ నుంచి ఇంకో యూసీకి వెళ్ళేవాళ్ళు వరసలో కమ్యూనిటీ కాలేజీ పిల్లల తర్వాతే. మనవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు, కానీ పద్ధతి అదే.

ఇప్పుడు అసలు పని. అసిస్ట్ డాట్ ఆర్గ్ అని ఒక సైటు ఉంది. డి ఆంజాలోని ఏ క్లాసు బర్క్‌లీలోని ఏ క్లాసుకి సమానమో మేజర్‌వారీగా అందులో ఉంటుంది. సివిల్ పట్టిక ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. డి ఆంజా క్వార్టర్ పద్ధతి, రెండేళ్ళకి ఆరు క్వార్టర్లు. లెక్కల్లో 1ఏ, 1బీ, 1సీ, 1డీ వరసగా కాలిక్యులస్, తర్వాత 2ఏ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, 2బీ లీనియర్ ఆల్జీబ్రా. ఫిజిక్స్ 4ఏ నుంచి మొదలవుతుంది. ఇవి మెట్లలాంటివి. ఒక మెట్టు తప్పితే మళ్ళీ ఆ క్లాసు పెట్టేదాకా ఆగాలి, ఆ ఆగడంలో ఒక ఏడాది పోతుంది. ఆలస్యమైపోయిన పిల్లల్లో నేను చూసిన పెద్ద కారణం ఇదే. తెలివి తక్కువై కాదు.

కాలిక్యులస్ సిరీస్ సగం డి ఆంజాలో, సగం ఓలోనీలో (మీ ఫ్రీమాంట్ కమ్యూనిటీ కాలేజీ) అని విడగొట్టకండి. ఓలోనీ సెమిస్టర్ పద్ధతి కాబట్టి మధ్యలో కొన్ని పాఠాలు రెండుచోట్లా జారిపోతాయి. ఏ సిరీస్ ఎక్కడ మొదలుపెడితే అక్కడే పూర్తి చెయ్యాలి.

ఇంకొకటి. జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులన్నీ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సినవి) కలిపి ఐజెట్సీ అని ఒక కట్ట ఉంటుంది. చాలా మేజర్లకి అది మంచిదే. ఇంజినీరింగ్ పిల్లలు మాత్రం దాని వెంట పడకూడదు. ముందు మేజర్ క్లాసులు, రెండు ఇంగ్లీషు క్లాసులు. మిగతావి తర్వాత.

మిషన్ పీక్ | 2 ఏప్రిల్ 2023

టీచర్ గారూ, మీ పోస్టు పాపకి చదివి వినిపించాను. "ఐజెట్సీ వద్దన్నారా, ఇంకోసారి చదువు" అని రెండుసార్లు చదివించుకుంది. రిజల్ట్ వచ్చాక తను ఏదైనా శ్రద్ధగా వినడం ఇదే మొదలు. చాలా థాంక్స్ అండీ.

శాన్ హోసే నాన్న | 2 ఏప్రిల్ 2023

వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మీవారు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. శాన్ హోసే స్టేట్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళు ఈ సిలికాన్ వ్యాలీలో ప్రతి కంపెనీలోనూ కనిపిస్తారు. ఏడాది ఫీజు 8 వేల డాలర్లకు అటూ ఇటూ. సివిల్‌లో సీటు చేతిలో ఉంది. నాలుగేళ్ళు ఒకే చోట ఉంటే ప్రొఫెసర్లు తెలుస్తారు, స్నేహితులు ఏర్పడతారు, ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతాయి. ట్రాన్స్‌ఫర్ అయిన పిల్లలు మూడో ఏట కొత్త ఊళ్ళో దిగేసరికి, అప్పటికే అక్కడున్నవాళ్ళంతా జట్లు కట్టుకుని ఉంటారు.

కమ్యూనిటీ కాలేజీలో చేరిన ప్రతివాళ్ళూ ట్రాన్స్‌ఫర్ అవ్వరు. మా అన్నయ్య కొడుకు రెండేళ్ళనుకుని మూడున్నరేళ్ళు అక్కడే ఉండిపోయాడు. చదువు రాక కాదు. కౌన్సెలర్ ఒక క్లాసు అవసరం లేదన్నారు, తీరా చూస్తే అది కావాలి. వాడు పట్టిక తనే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఆ కాలేజీ పేరెందుకు గానీ, అలా జరుగుతుంది.

గోదారి గట్టు | 3 ఏప్రిల్ 2023

శాన్ హోసే అన్నయ్య గారు చెప్పింది నిజమే. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. కౌన్సెలర్ ఏం చెప్పినా ఇంటికొచ్చి అసిస్ట్‌లో సరిచూసుకోవడం. రెండూ కలవకపోతే యూనివర్సిటీకే మెయిల్ రాసి అడగడం, ఆ జవాబు దాచిపెట్టుకోవడం.

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. డి ఆంజాలో ఇక్కడివాళ్ళకి యూనిట్‌కి (క్లాసుల బరువు కొలిచే లెక్క) 31 డాలర్లు. యూసీకి కావాల్సింది 90 క్వార్టర్ యూనిట్లు. అంటే రెండేళ్ళకీ కలిపి 2,790 డాలర్లు, పైన పుస్తకాలు, చిన్నచిన్న ఫీజులు. అదే యూసీలో ట్యూషనూ ఫీజులే ఏడాదికి 14, 15 వేలు. హాస్టల్ వేసుకుంటే ఇంకా ఎక్కువ. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్ళకి ఆ 31 డాలర్లు కూడా మాఫీ చేసే ప్రామిస్ పథకం చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంది. అడగండి.

డేవిస్ కుర్రాడు | 3 ఏప్రిల్ 2023

ఆంటీ, నేను ఈ దారిలో వెళ్ళినవాణ్ణే. అంతా బాగా జరిగినవాళ్ళే రాస్తుంటారు కాబట్టి నాది కూడా వినండి.

పన్నెండో తరగతిలో బర్క్‌లీ రాలేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి మళ్ళీ వేశాను. మళ్ళీ రాలేదు. ఇప్పుడు యూసీ డేవిస్‌లో నాలుగో సంవత్సరం. రెండోసారి రానప్పుడు నేను నిలబడగలిగానంటే ఒకటే కారణం, టాగ్ వేసి ఉండడం.

టాగ్ అంటే ముందే సీటు ఖాయం చేసుకునే ఏర్పాటు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌ల్లోనే ఉంది. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే వెయ్యొచ్చు. వాళ్ళడిగిన జీపీఏ (గ్రేడ్ల సగటు), క్లాసులు ఉంటే సీటు ఖాయం. చేరబోయే ఏడాదికి ముందు సెప్టెంబర్‌లో, 1 నుంచి 30 లోపల వెయ్యాలి. ఏ మేజర్‌కి ఉందో, దేనికి లేదో ఏటా కొంత మారుతుంది. శాంటా బార్బరా ఇంజినీరింగ్‌కి టాగ్ పనికిరాదు.

మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు, "నేను బర్క్‌లీకే వెళ్తాను, టాగ్ ఎందుకు" అన్నారు. టాగ్ వేస్తే బర్క్‌లీ అవకాశం తగ్గుతుందని ఎవరో చెప్పారట. అలాంటిదేం లేదు ఆంటీ. టాగ్ వేసినా మామూలు అప్లికేషన్‌లో మిగతా క్యాంపస్‌లన్నిటికీ వేసుకోవచ్చు. దయచేసి వేయించండి.

ఇంకో సంగతి. మొదటి క్వార్టర్‌లో నేను క్లాసు అవ్వగానే పార్కింగ్‌కి పరిగెత్తేవాణ్ణి. "ఇక్కడ నేను రెండేళ్ళే" అనుకునేవాణ్ణి. ఎవరితో మాట్లాడలేదు, ఆఫీస్ అవర్స్‌కి (ప్రొఫెసర్‌ని విడిగా కలిసి సందేహాలు అడిగే సమయం) వెళ్ళలేదు. ఫిజిక్స్‌లో సీ గ్రేడ్ వచ్చింది. సీ వస్తే ఆ క్లాసు మళ్ళీ తీసుకున్నా యూసీ పాత గ్రేడే లెక్కేస్తుంది. డీ, ఎఫ్ వస్తేనే మళ్ళీ తీసుకున్నది లెక్కలోకి వస్తుంది. ఆ సీ నాతోనే ఉండిపోయింది.

లెక్కల టీచర్ | 3 ఏప్రిల్ 2023

బాబూ, నువ్వు రాసిన చివరి పేరా నా క్లాసులో చదివి వినిపిస్తాను, నీ అనుమతి ఉంటే.

డేవిస్ కుర్రాడు | 3 ఏప్రిల్ 2023

తప్పకుండా వినిపించండి సార్.

ఓరుగల్లు అక్క | 5 ఏప్రిల్ 2023

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాదీ అదే కథ కాబట్టి రాస్తున్నాను. హెచ్-4 పిల్లలు కాలిఫోర్నియాలో స్థానికులుగా లెక్కకొచ్చి ఇక్కడివాళ్ళ ఫీజే కట్టే వీలుంది. కానీ ఫాఫ్సా అనే ప్రభుత్వ ఆర్థిక సాయం రాదు, జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్ చెయ్యడానికి లేదు. అసలు గండం 21 ఏళ్ళ దగ్గర. ఆ రోజుతో హెచ్-4 పోతుంది, అప్పటికి ఎఫ్-1 స్టూడెంట్ వీసా చేతిలో ఉండాలి. ట్రాన్స్‌ఫర్ పిల్లలకి అది సరిగ్గా మూడో ఏడు, నాలుగో ఏడు మధ్యలో వచ్చి పడుతుంది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు స్థానికత సంపాదించుకోలేరు. ఫీజులో తేడా ఏడాదికి 30 వేల డాలర్లు దాటుతుంది. పుట్టినరోజు తేదీ పక్కన పెట్టుకుని లెక్కేసి, వీసా లాయర్‌తోనూ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుతోనూ ఇప్పుడే మాట్లాడండి. మేం ఆలస్యంగా మాట్లాడాం. ఆ ఏడాది మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మిషన్ పీక్ | 5 ఏప్రిల్ 2023

అక్కా, మా పాప ఇక్కడే పుట్టింది, ఆ బాధ మాకు లేదు. కానీ మీరు రాసింది మా గ్రూపులో ఇద్దరు తల్లులకి పంపాను. ఒకావిడ వెంటనే ఫోన్ చేసి, "మా వాడికి వచ్చే జనవరికి ఇరవై" అంది.

ప్లేనో నాన్న | 8 ఏప్రిల్ 2023

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి పద్ధతి వేరు. మా అబ్బాయికి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) ఆస్టిన్ కాదని, బదులుగా క్యాప్ అని ఒకటి ఇచ్చింది. మొదటి ఏడాది శాన్ ఆంటోనియో, ఆర్లింగ్టన్ లాంటి వేరే యూటీ క్యాంపస్‌లో 30 క్రెడిట్లు పూర్తి చేసి, 3.2 జీపీఏ తెచ్చుకుంటే రెండో ఏడు ఆస్టిన్‌లోకి రావొచ్చు. చూడగానే సంబరపడ్డాం. కానీ ఆ హామీ లిబరల్ ఆర్ట్స్ వైపుకే. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ కావాలంటే అందరితో పాటు మళ్ళీ పోటీ పడాలి. మా వాడికి కావాల్సింది కంప్యూటర్ సైన్సే. కాబట్టి క్యాప్ వద్దనుకుని యూటీ డాలస్‌లో నేరుగా ఆ మేజర్‌లోనే చేరాడు.

ఏ రాష్ట్రంలో ఉన్నా హామీ ఇచ్చింది యూనివర్సిటీలోకా, మేజర్‌లోకా అన్నది చూసుకోవాలి. మనవాళ్ళు మొదటిది చూసి స్వీట్లు పంచేస్తున్నారు.

సియాటిల్ వాన | 8 ఏప్రిల్ 2023

ఇక్కడా అంతే. బెల్‌వ్యూ కాలేజీ నుంచి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి దారి బాగానే ఉంది, కంప్యూటర్ సైన్స్‌లోకి మాత్రం చాలా ఇరుకు. ప్రైవేటు యూనివర్సిటీల్లో కార్నెల్ కొందరు పిల్లలకి ఫ్రెష్‌మన్‌గా కాదని చెబుతూనే, ఒక ఏడాది వేరేచోట చదివి ఫలానా మార్కులు తెస్తే తీసుకుంటామని ముందే రాసిస్తుంది. ప్రిన్స్‌టన్ అయితే 1990 నుంచి ట్రాన్స్‌ఫర్‌లే తీసుకోవడం మానేసి 2018లో మళ్ళీ మొదలుపెట్టింది, అదీ కొద్దిమందినే. ఒబామా కూడా లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ కాలేజీలో రెండేళ్ళు చదివి 1981లో కొలంబియాకి మారినవాడే. మా అబ్బాయికి ఇది చెబితే కాస్త తేరుకున్నాడు.

విజయవాడ వైపు | 11 ఏప్రిల్ 2023

ఇక్కడ ఇండియాలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్లలు అలా అమెరికాకి ట్రాన్స్‌ఫర్ కావచ్చా? మా తమ్ముడు తెగ అడుగుతున్నాడు. ఒక కన్సల్టెన్సీవాళ్ళు కావచ్చని చెప్పి డబ్బు కట్టమంటున్నారట.

లెక్కల టీచర్ | 11 ఏప్రిల్ 2023

డబ్బు కట్టొద్దని చెప్పండి. అప్లై చేసుకోవడానికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. నిబంధన ప్రకారం వీలుంది గానీ, అసిస్ట్ లాంటి పట్టిక ఇండియా కాలేజీలకి లేదు. ఏ క్లాసు దేనికి సమానమో సిలబస్‌లు చూసి తేలుస్తారు, సగం క్లాసులు మళ్ళీ చదవాల్సి రావొచ్చు. యూసీల్లో బయటివాళ్ళు స్థానిక ఫీజు పైన ఇంకో 30 వేల డాలర్లకు పైగా కట్టాలి, వరసలోనూ వెనకే ఉంటారు. నా తమ్ముడైతే బీటెక్ పూర్తి చేసి ఎమ్మెస్‌కి రమ్మంటాను.

మిషన్ పీక్ | 29 ఏప్రిల్ 2023

నిర్ణయం తీసుకున్నాం. డి ఆంజా. మా ఆయన్ని ఒప్పించింది నేను కాదు, పాపే. నాలుగు కాగితాలు టేబుల్ మీద పరిచింది. ఆరు క్వార్టర్లలో ఏది ఎప్పుడు తీసుకుంటుందో రాసుకుంది. స్టాటిక్స్ (కట్టడాల మీద పడే బలాల లెక్కలు) అన్ని క్వార్టర్లలోనూ పెట్టరట, దాని చుట్టూ ఎర్ర గీత గీసింది. "నాన్నా, బర్క్‌లీ రాకపోతే డేవిస్. అది కూడా రాకపోతే శాన్ హోసే స్టేట్‌కే మళ్ళీ వేస్తాను" అంది. ఆయన కాగితాలు తిరగేసి చూసి, "స్టాటిక్స్‌కి ముందు ఫిజిక్స్ 4ఏ అయిపోవాలి కదా, అయిందా" అని అడిగారు. ఆయన సివిల్ ఇంజినీరే, వరంగల్ ఆర్‌ఈసీలో చదివారు. తండ్రీకూతుళ్ళు పదకొండున్నరదాకా అక్కడే కూర్చున్నారు.

శాన్ హోసే నాన్న | 29 ఏప్రిల్ 2023

కాగితం మీద అంత స్పష్టంగా రాసుకున్న పిల్ల ఎక్కడున్నా చదువుకుంటుంది. నా ఆశీస్సులు.

మిషన్ పీక్ | 17 డిసెంబర్ 2023

మొదటి క్వార్టర్ అయింది. ఇక్కడివాళ్ళంతా అడుగుతున్నారని రాస్తున్నాను.

మొదటి మూడు వారాలు కష్టంగా గడిచాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహితుల డార్మ్ ఫోటోలు, ఇక్కడేమో ఉదయం ఆరున్నరకి 880 హైవే మీద ట్రాఫిక్. ఒకరోజు కారులోనే కూర్చుని ఏడ్చిందట, నాకు తర్వాత చెప్పింది. నాలుగో వారంలో కాలిక్యులస్ క్లాసులో పక్కన కూర్చునే ఆవిడతో మాట కలిసింది. ఆవిడకి నలభై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, రాత్రి షిఫ్టు చేసి నేరుగా క్లాసుకి వస్తుంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు లైబ్రరీలో కలిసి లెక్కలు చేస్తారు. "అమ్మా, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలంటే నాకు ముందు సరిగ్గా అర్థమవ్వాలి" అంటోంది. డేవిస్ బాబూ, ఆఫీస్ అవర్స్‌కి వారానికి రెండుసార్లు వెళ్తోంది. నీ పేరా ప్రింట్ తీసి ఫైలులో పెట్టుకుంది.

లెక్కల్లో ఏ, ఇంగ్లీషులో ఏ, కెమిస్ట్రీలో బీ.

డేవిస్ కుర్రాడు | 18 డిసెంబర్ 2023

కెమిస్ట్రీ బీ గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పండి ఆంటీ. నాకు చాలా సంతోషంగా ఉంది.

మిషన్ పీక్ | 30 సెప్టెంబర్ 2024

ఈ రోజు డేవిస్‌కి టాగ్ సబ్మిట్ చేసింది. చివరి రోజుదాకా ఆగినందుకు నేను తిట్టాను. యూసీ అప్లికేషన్ ఇప్పుడు నింపుతోంది. ట్రాన్స్‌ఫర్ వాళ్ళకి ఒక ప్రశ్న తప్పనిసరి, నీ మేజర్‌కి ఎలా సిద్ధమయ్యావు అని. మిగతా ఏడింట్లో మూడు ఎంచుకోవాలి, ఒక్కోటి 350 పదాలలోపు. మొదటిదానికి ముందు బే బ్రిడ్జి గురించి రాసింది, తర్వాత కొట్టేసింది. స్టాటిక్స్‌లో ఒక ట్రస్ (వంతెనల్లో వాడే త్రికోణాల చట్రం) లెక్క మూడుసార్లు తప్పు చేసి, నాలుగోసారి బలం ఎటు పోతుందో బొమ్మ గీసుకుంటే తెలిసిన సంగతి రాసింది. చదివితే నాక్కూడా అర్థమైంది.

లెక్కల టీచర్ | 1 అక్టోబర్ 2024

కొట్టేసి మంచి పని చేసింది. ఆ ప్రశ్నకి కావాల్సింది ఆ ట్రస్సే. జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అని ఇంకో ఫారం ఉంటుంది, ఫాల్ గ్రేడ్లు అందులో ఎక్కించాలి. నెలాఖరులోపు నింపకపోతే అప్లికేషన్ చూడకుండా పక్కన పెట్టేయొచ్చు. ఏటా ఒకరిద్దరు మరిచిపోతున్నారు. క్యాలెండర్‌లో రాసుకోండి.

మిషన్ పీక్ | 26 ఏప్రిల్ 2025

వచ్చింది. బర్క్‌లీ సివిల్. డేవిస్ టాగ్ కూడా వచ్చింది.

ఈసారి మెట్ల మీద చూసుకోలేదు. లైబ్రరీలో ఉండగా మెయిల్ వచ్చిందట, పక్కన ఆ రాత్రి షిఫ్టు స్నేహితురాలు కూడా ఉంది. ఆవిడకి శాంటా క్రూజ్‌లో వచ్చింది. ఇద్దరూ కలిసి బయట కేఫ్‌లో కాఫీ తాగి, అప్పుడు నాకు ఫోన్ చేసింది. ముందు ఆవిడ సంగతే చెప్పింది, తన సంగతి తర్వాత.

బర్క్‌లీ వెంటనే ఖాయం చేసుకుంటుందనుకున్నాను. చేసుకోలేదు. డేవిస్ క్యాంపస్‌కి వెళ్ళి చూసి వచ్చింది, బర్క్‌లీలో ఇంటి అద్దెలు చూసింది, రెండుచోట్లా ఏ క్లాసులు మిగులుతాయో మళ్ళీ కాగితం మీద వేసుకుంది. నిన్న రాత్రి బర్క్‌లీకి సరే అంది. బర్క్‌లీలో కట్టడాలు, భూకంపాల మీద పని చేసే ప్రొఫెసర్ల క్లాసులు తీసుకోవాలని ఉందట. ఇప్పుడున్న బెంగల్లా స్ప్రింగ్ క్వార్టర్‌లో గ్రేడ్లు జారకూడదన్నదే. జారితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు కదా.

శాన్ హోసే నాన్న | 26 ఏప్రిల్ 2025

కళ్ళు చెమర్చాయమ్మా. మీవారికి అభినందనలు చెప్పండి. ఆ రాత్రి ఆయన టేబుల్ దగ్గర కూర్చోవడం చిన్న సంగతి కాదు.

ప్లేనో నాన్న | 27 ఏప్రిల్ 2025

చాలా సంతోషం. మా వాడు యూటీ డాలస్‌లోనే ఉండిపోయాడు. మొదటి ఏడాది చివర ఆస్టిన్‌కి ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ సగం నింపి, తనే మూసేశాడు. అక్కడ ఒక ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్‌లో పని దొరికింది, వదిలి రానన్నాడు. నేను బలవంతపెట్టలేదు. ఇప్పుడు ఆస్టిన్ మాటే మా ఇంట్లో రాదు.

కొత్త సభ్యురాలు | 28 ఏప్రిల్ 2025

ఈ పోస్టులన్నీ రాత్రంతా కూర్చుని చదివాను. మా బాబుకి పోయిన నెలలో బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో మూడూ రాలేదు. మెకానికల్. గదిలోంచి బయటికి రావడం లేదు, అన్నం గుమ్మం దగ్గర పెడుతున్నాను. మేం మిల్పిటాస్‌లో ఉంటాం. మిషన్ పీక్ గారూ, మీ పాప రాసుకున్న ఆ ఆరు క్వార్టర్ల కాగితాలు ఉన్నాయా? ఒకసారి చూపిస్తారా?

మిషన్ పీక్ | 28 ఏప్రిల్ 2025

ఉన్నాయమ్మా, ఫైలులోనే ఉన్నాయి. కానీ అది సివిల్‌ది. మెకానికల్‌కి ఎక్కడెక్కడ తేడా వస్తుందో పాప అసిస్ట్‌లో చూసి పెన్సిల్‌తో మార్చి ఇస్తానంది. ఈ ఏడాది నుంచి కొన్ని నిబంధనలు మారుతున్నాయి, ఐజెట్సీ స్థానంలో క్యాల్-జెట్సీ వస్తోంది, అదీ చూసి చెబుతుంది. మిల్పిటాస్ మాకు పక్కనే కదా. ఆదివారం సాయంత్రం మీ బాబుని తీసుకుని భోజనానికి రండి. రానంటే బలవంతపెట్టకండి, మీరొక్కరే రండి. కాగితాలు మీకిస్తాను. తనకి మాట్లాడాలనిపించిన రోజు మా పాపే ఫోన్ చేస్తుంది.